ఆప్తుడెవరు?

1

నీతిశాస్త్ర గ్రంథాలలో విశ్వాసాన్ని గురించిన చర్చ చాలా ఎత్తున సాగుతుంది. మనిషి మనిషిని నమ్మవచ్చునా, నమ్మకం లేని సమాజం నిలుస్తుందా, మాట తప్పటం ఏ పరిస్థితిలోనైనా న్యాయమవుతుందా అని పండితులు అడుగుతారు. ఈ ప్రశ్నలు అక్కరలేనివని నేననను. కాని ఇవే ప్రశ్నలు గాయపడిన ఒక పనివాడి ముందుకు వచ్చేసరికి రూపం మార్చుకుంటాయి. కాలు పోగొట్టుకుని ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషికి మానవజాతిని నమ్మాలా వద్దా అని ఆలోచించే తీరిక ఉండదు. ఏ వకీలును నమ్మాలి? ఆ వకీలు పేరు చెప్పినవాణ్ణి ఎందుకు నమ్మాలి? అతని సమస్య ఇది. ఇది చిన్న సమస్యలాగా కనిపిస్తుంది గాని, విశ్వాసాన్ని గురించి తత్వవేత్తలు చెప్పినదంతా నిజంగా పరీక్షకు నిలిచేది ఇక్కడనే.

బజారులో వంకాయలు కొనేవాడు ఒక్కొక్కటీ తిప్పి చూస్తాడు. పుచ్చు కనబడితే పక్కన పెడతాడు. వకీలును అట్లా తిప్పి చూడటానికి వీలులేదు. అతని పని మంచిదో కాదో తీర్పు వచ్చేదాకా తెలియదు. తీర్పు వచ్చిన తరువాతనైనా తెలుస్తుందా అంటే అదీ అనుమానమే. గెలిచిన కేసు వకీలు లేకపోయినా గెలిచేదేమో! ఓడిన కేసు ఎంతటి వకీలు వాదించినా ఓడేదేమో! పైగా మన దేశంలో న్యాయవాదులు తమ పనిని గురించి ప్రకటనలు ఇచ్చుకోరాదని బార్ కౌన్సిల్ నియమం. ఆ నియమం మంచిదే. కాని దాని ఫలితంగా వకీలును గురించిన సమాచారమంతా నోటి మాటగానే ప్రయాణం చేస్తుంది. నోళ్ళు ఎవరివి, ఆ నోళ్ళను నడిపించే ప్రయోజనాలు ఏమిటి అన్నది అప్పుడు ప్రధానమవుతుంది.

"ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడ"ని మనవాళ్ళ సామెత. కోర్టును గురించి మన ప్రజలకున్న అనుభవం అందులో ఉన్నది. అయితే ఈ సామెతను పట్టుకుని కోర్టుకే పోకుండా ఊరుకున్నవాడు ఏడవకుండా ఉండగలిగాడా? లేదు. అతను ఎవరికీ వినబడకుండా ఏడ్చాడు, అంతే.

2

పని చేసేచోట దెబ్బతిన్నవాడికి యజమాని పరిహారం ఇవ్వాలన్నది పాత ధర్మం కాదు. ఇంగ్లండులో ఆ చట్టం 1897లో వచ్చింది. మన గురజాడ "కన్యాశుల్కం" తొలికూర్పు అచ్చయిన సంవత్సరం కూడా అదే. మన దేశంలో 1923లో చట్టం చేసి 1924 జూలై 1 నుంచి అమలు జరిపారు. 2009లో చేసిన సవరణతో దాని పేరులో "పనివారు" పోయి "ఉద్యోగులు" వచ్చారు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి రావటంతో ఆ పాత చట్టం స్థానాన్ని స్మృతిలోని ఒక అధ్యాయం ఆక్రమించింది. పేర్లు మారినా మూలసూత్రం మారలేదు. పని కారణంగా, పనిలో ఉండగా ప్రమాదం జరిగితే చాలు. యజమాని తప్పు చేశాడని రుజువు చేయనక్కరలేదు, అతను పరిహారం చెల్లించవలసిందే. పోరాడి సాధించుకున్న సూత్రమిది. దీన్ని తేలికగా చూడరాదు.

ఆ చట్టం వెంట ఒక పట్టిక ఉన్నది. బొటనవేలు పోతే సంపాదనా శక్తిలో నూటికి 30 వంతులు పోయినట్టు. చూపుడువేలు మొత్తం పోతే 14. ఒక కన్ను పోయి రెండవది సవ్యంగా ఉంటే 40. ఏకలవ్యుడి బొటనవేలికి గురువు ఏ వెలా కట్టలేదు. మన కాలం వెల కట్టింది. మనిషి అవయవాలను అంకెలుగా మార్చటం క్రూరమని కొందరు భావుకులు అంటారు. వేలికి ఏ వెలా లేకపోవటం అంతకంటె క్రూరం.

కాని అంకె కాగితం మీద ఉండటం వేరు, చేతికి రావటం వేరు. నష్టం నూటికి యాభయ్యా, నూరా? ప్రమాదం పనిలో ఉండగా జరిగిందా, బయట జరిగిందా? యజమాని ఎవరు, కాంట్రాక్టరా, మిల్లువాడా? రెండేళ్ళ గడువు దాటిందా? ఈ ప్రశ్నలలో ఒక్కొక్క దానికీ వెనుక ఒక మనిషి తిండి ఉన్నది. చట్టం చేసినవారు దీన్ని సివిలు కోర్టుల నుంచి తప్పించి కమిషనరు చేతిలో పెట్టింది పనివాడికి సులభంగా ఉండాలనే. అయినా అవతలి పక్షానికి వకీలు ఉన్నంతకాలం ఇవతలి పక్షానికి వకీలు అక్కరలేదనటం పరిహాసమే.

3

ఇక్కడ నేను స్వానుభవం చెప్పటం అవసరం.

మా మేనమామ 24 ఏళ్ళు సైన్యంలో పనిచేసి హవల్దారుగా దిగాడు. పింఛను చాలక, ఊరకే కూర్చోలేక, గోదావరి ప్రాంతంలోని ఒక మిల్లు గేటు దగ్గర కాంట్రాక్టరు కింద కాపలా ఉద్యోగంలో చేరాడు. 2009లో ఒక రాత్రి గేటు దగ్గర వెనక్కు వస్తున్న లారీ అతని కాలు మీదుగా పోయింది. మోకాలి కింద తీసివేశారు. అప్పటికి అతనికి 45 ఏళ్ళు. ఆ ప్రాంతానికి అప్పటికి ఈ.ఎస్.ఐ. రాలేదు. నేను డిగ్రీ చదువుతున్నాను. అతని కాగితాల సంచి మోసినవాణ్ణి నేనే.

కాంట్రాక్టరు నలభై వేలు తెచ్చి ఖాళీ కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. హక్కు వదులుకుంటున్నానని పనివాడు రాసి ఇచ్చినా అది చెల్లదని 1923 చట్టంలోనే ఉన్నదని మాకు తెలియదు. నెల జీతం 4,500 అయినా చట్టం ఆనాడు 4,000 వరకే లెక్కకు తీసుకునేదనీ, అందులో నూటికి అరవై, ఆ వయసుకు గుణకం 169.44 చొప్పున, పూర్తి అశక్తతకు 4,06,656 రూపాయలు, అందులో సగానికి 2,03,328 రూపాయలు వస్తాయనీ మాకు తరువాత తెలిసింది. నలభై వేలకూ నాలుగు లక్షలకూ మధ్య ఉన్న దూరం మాకు తెలియకపోవటమే కాంట్రాక్టరు మూలధనం.

వకీలును గురించి మూడు మాటలు మా దగ్గరకు వచ్చినవి.

మొదటిది ఆసుపత్రి వసారాలోనే వచ్చింది. ఒక పెద్దమనిషి పళ్ళు తెచ్చి ఇచ్చి, కన్నీరు కూడా పెట్టుకుని, తన వకీలు పైసా అడగడనీ, డబ్బు వచ్చిన తరువాత మూడోవంతు ఇస్తే చాలుననీ చెప్పాడు. వచ్చే సొమ్ములో వాటా మాట్లాడుకోవటం మన దేశంలో న్యాయవాదికి నిషిద్ధం. ఆ సంగతి తెలియకపోయినా మావయ్య అతన్ని పంపివేశాడు. దళారీని గుర్తుపట్టటానికి చట్టం చదవనక్కరలేదు.

రెండవది మిలిటరీ కాంటీను దగ్గర వచ్చింది. ఒక రిటైర్డు సుబేదారు గారు తమ పటాలంలోనే పనిచేసిన మరొకరి కొడుకు వకీలుగా ఉన్నాడనీ, "మనవాడు" అనీ చెప్పారు. మేము సంతోషంగా వెళ్ళాము. ఆ యువకుడు మావయ్యను "బాబాయి గారూ" అని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఫీజు మాట ఎత్తితే చెవులు మూసుకున్నాడు. లారీ ప్రమాదం గనక మోటారు ప్రమాదాల ట్రిబ్యునలుకు పోదామన్నాడు. ఆ రాత్రి లారీ నంబరు ఎవరూ సరిగా చూడలేదు. ఆ నంబరు కోసం పదకొండు నెలలు గడిచినవి. ఎప్పుడు వెళ్ళినా "ఏం ఫర్వాలేదు బాబాయి గారూ" అనేవాడు. అతను మోసగాడు కాడు. మంచివాడు, మర్యాదస్థుడు, ఈ చట్టం మాత్రం అతనికి తెలియదు. తెలియదని చెప్పటానికి అతనికి మొహమాటం. ఏం జరిగిందని గట్టిగా అడగటానికి మావయ్యకు మొహమాటం. ఇద్దరి మర్యాదల మధ్యా పదకొండు నెలలు కరిగిపోయినవి.

మూడవ మాట నవంబరులో బాంకు దగ్గర వచ్చింది. పింఛనుదారులు తాము బతికే ఉన్నామని కాగితం ఇచ్చేందుకు గుమిగూడే నెల అది. అక్కడ ఒక మాజీ సిపాయి, మావయ్యలాగానే కాపలా ఉద్యోగంలో దెబ్బతిన్నవాడు, ఒక వకీలు పేరు చెప్పి, వెంటనే "నా కేసు ఓడిపోయింది" అన్నాడు. మేము ఆశ్చర్యపోయాము. ఓడిన వకీలును గురించి చెబుతున్నాడేమిటి? అతను చెప్పినది ఇది: "డ్యూటీ దిగి ఇంటికి పోతుంటే దారిలో పడింది దెబ్బ. దారిలో పడినదానికి చట్టం రాదేమో, ఓడిపోతామేమో అని మొదటిరోజే చెప్పాడండి. వెయ్యమంటేనే వేశాడు. ఎంత తీసుకుంటానన్నాడో అంతే తీసుకున్నాడు. వాయిదా ఎందుకు పడిందో ప్రతిసారీ చెప్పాడు. ఓడిపోయాక తీర్పు చదివి తెలుగులో వినిపించాడు."

మేము ఆ వకీలు దగ్గరకు వెళ్ళాము. అతను పావుగంట విని, "లారీ ఎవరిదైతే మనకెందుకు? ఆ రాత్రి మీరు గేటు దగ్గర డ్యూటీలో ఉన్నట్టు రుజువు చేయాలి, అంతే," అన్నాడు. ఒకే దెబ్బకు ట్రిబ్యునలునూ కమిషనరునూ రెండింటినీ ఆశ్రయించరాదు, ఒకటే ఎంచుకోవాలి అని చెప్పాడు. నూటికి నూరూ అడుగుతాననీ, వస్తుందని మాట ఇవ్వననీ అన్నాడు. పట్టిక ప్రకారం మోకాలి కింద కాలుకు సగమే; కాని పనికి పనికిరాకుండా పోయినవాడికి పూర్తి నష్టం ఇవ్వవచ్చునని 1975లో సుప్రీంకోర్టు ఒక వడ్రంగి కేసులో చెప్పింది. ఎడమ చేయి మోచేతి పైన తెగిపోయిన వడ్రంగి ఒంటిచేత్తో వడ్రం చెయ్యలేడు గదా! గేటు దగ్గర నిలబడటమే ఉద్యోగమైనవాడికి కాలు కూడా అటువంటిదే అని వాదిస్తానన్నాడు. ఫీజు ఎంతో, ఏ దశలో ఇవ్వాలో కాగితం మీద రాసి ఇచ్చాడు.

కేసు మూడేళ్ళు నడిచింది. నూరూ రాలేదు, సగానికి మించి వచ్చింది. మావయ్య ఇంటికొచ్చి ఏడవలేదు.

4

ఈ మూడు మాటలలో మూడవదాన్ని నమ్మటం ఎందుకు సమంజసం?

మన తార్కికులు ఈ విషయాన్ని ఏనాడో విచారించారు. గౌతముడి న్యాయసూత్రాలు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం అనే మూడింటితో పాటు శబ్దాన్ని కూడా ప్రమాణంగా అంగీకరించినవి. శబ్దమంటే ఆప్తుడి మాట. ఆప్తుడెవరు? భాష్యకారుడు వాత్స్యాయనుడు చెప్పిన లక్షణం చూడండి: విషయాన్ని సాక్షాత్తు ఎరిగినవాడు, ఎరిగినదాన్ని ఎరిగినట్టుగా తెలియజెప్పాలనే కోరిక గలవాడు. అంతే. కులం లేదు, గోత్రం లేదు. పైగా ఈ లక్షణం ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ సమానమేనని ఆయనే అన్నాడు. ప్రత్యక్షం తప్ప మరే ప్రమాణాన్నీ ఒప్పుకోని చార్వాకుల పక్షాన నిలబడాలని మనలో చాలామందికి ఉబలాటం ఉంటుంది. కాని వకీలు దగ్గరకు పోయే పనివాడికి ప్రత్యక్షం అందుబాటులో లేదు. అతను శబ్దాన్ని ఆశ్రయించక తప్పదు.

ఆ మాట తెలుగులోకి వచ్చేసరికి ఏమయిందో గమనించండి. తెలుగులో ఆప్తుడంటే దగ్గరివాడు. ఆప్తబంధువు, ఆప్తమిత్రుడు అంటాము. ఎరిగినవాడు, నిజం చెప్పేవాడు అనే అర్థం జారిపోయి "మనవాడు" అనే అర్థం మిగిలింది. ఇది కేవలం భాషాశాస్త్రానికి సంబంధించిన ముచ్చట కాదు. ఊరూ కులమూ చుట్టరికమూ తప్ప వేరే రక్షణ లేని సమాజంలో మనిషి ఎరుకకంటె చుట్టరికాన్నే నమ్ముకోవలసి వచ్చింది. ఆ చరిత్ర ఆ మాటలో ఇంకిపోయింది.

సుబేదారు గారు తెలుగు అర్థంలో ఆప్తుడు. బాంకు దగ్గర కలిసిన సిపాయి వాత్స్యాయనుడి అర్థంలో ఆప్తుడు. సుబేదారు గారికి ఆ యువకుడి కుటుంబం తెలుసు; అతని పని తెలియదు. సిపాయి ఆ వకీలు పనిని అయిదారేళ్ళు పక్కన కూర్చుని చూశాడు. అంతేకాదు, తన ఓటమిని ముందుగా చెప్పాడు. గెలిచినవాడు వకీలును పొగిడితే ఆ పొగడ్తలో గెలుపు సంతోషం ఎంతో, ఎరుక ఎంతో విడదీయటం కష్టం. ఓడినవాడు పొగిడితే అందులో ఎరుక తప్ప మరొకటి ఉండటానికి అవకాశం తక్కువ. ఇది తర్కం. దీన్ని పనివాళ్ళు ఏ గ్రంథమూ చదవకుండానే ఎరుగుదురు.

మరొక భేదం కూడా ఉన్నది. "మనవాడు" అన్న నమ్మకం ప్రశ్నను సహించదు. వాయిదా ఎందుకు పడిందని అడిగితే మనవాణ్ణి అవమానించినట్టే. రెండవ రకం నమ్మకానికి ప్రశ్నే ఆహారం. ప్రతి వాయిదాకూ జవాబు చెప్పించుకున్న కొద్దీ అది బలపడుతుంది. ప్రశ్నను నిషేధించే నమ్మకం భక్తి అవుతుంది గాని విశ్వాసం కాదు. భక్తి ఎంత మధురమైనదైనా పరిహారపు కేసులో అది రెండేళ్ళ గడువును తినివేస్తుంది.

5

అయితే తోటి సైనికుల మాట సంగతేమిటి? ఒకే కందకంలో తలదాచుకున్నవారి మధ్య ఉండే సంబంధానికి విలువ లేదా? ఉన్నది. ఆ విలువ ఎంతవరకో చెప్పటానికి అమెరికా ఉదాహరణ పనికివస్తుంది.

అక్కడి అంతర్యుద్ధ కాలంలో, సైనికుల పింఛను దరఖాస్తులు రాసిపెట్టి వకీళ్ళు వారిని దోచుకుంటున్నారని 1864లో ఒక హద్దు పెట్టారు: ఒక దరఖాస్తుకు వకీలు పది డాలర్లకు మించి తీసుకోరాదు. ఇది కార్మిక పరిహారానికి కాక సైనిక పింఛనుకు సంబంధించినది. అయినా ప్రశ్న ఒకటే. దోపిడి ఆగింది. దాంతోపాటు వకీళ్ళు రావటం కూడా ఆగింది. డాలరు విలువ పడిపోయినా ఆ పది పదిగానే నూరేళ్ళకు పైగా నిలిచింది. 1985లో అణు రేడియేషన్ బాధితుల సంఘం ఆ హద్దును సవాలు చేస్తే సుప్రీంకోర్టు హద్దునే సమర్థించింది. 1988లో చేసిన చట్టంతో గాని అది తొలగలేదు. మరి అంతకాలం సైనికులు ఏం చేశారు? తమ సంఘాలను ఆశ్రయించారు. మాజీ సైనికుల సంఘాలు కేసులు తెలిసిన కార్యకర్తలను పెట్టి, ఫీజు లేకుండా దరఖాస్తులు నడిపించినవి. తోటివాడి మాట అక్కడ వ్యక్తి నోటి నుంచి సంఘం చేతికి వచ్చింది. నూరుమంది అనుభవం ఒకచోట పోగుపడితే ఏ దారి పోతుందో, ఏ దారి మూసుకుపోయిందో చెప్పగల శక్తి వస్తుంది. ఒక్కడి అనుభవానికి, అది ఎంత నిజాయితీ గలదైనా, ఆ శక్తి లేదు. మాకు బాంకు దగ్గర ఆ సిపాయి తటస్థపడటం అదృష్టం. న్యాయం అదృష్టం మీద ఆధారపడితే అది న్యాయం కాదు.

ఇంతకంటె లోతైన ప్రశ్న ఒకటి మావయ్య కేసులోనే తలెత్తింది. అసలు తోటివాడు ఎవరు?

దరఖాస్తులో "నేను కార్మికుణ్ణి" అని ఉన్నచోట సంతకం పెట్టటానికి మావయ్య తటపటాయించాడు. "నేను సిపాయిని గదరా," అన్నాడు నాతో. చట్టం దృష్టిలో ఆ మాట పాక్షికంగా నిజమే. సైనికుడుగా పనిచేస్తున్నంతకాలం మనిషి 1923 చట్టం కిందికి రాడు. అతనికి సైన్యపు పింఛను నిబంధనలు వేరు. కాని యూనిఫారం మార్చి మిల్లు గేటు దగ్గర నిలబడినవాడు కార్మికుడే. కాపలావాడి పేరు ఆ చట్టపు జాబితాలోనే ఉన్నది. ఈ సంగతి చట్టానికి తెలిసినంత తేలికగా మావయ్యకు తెలియలేదు. తెలియకపోవటానికి కారణం ఉన్నది. మాజీ సైనికులను గేటు దగ్గర పెట్టుకునే యజమానులు కోరుకునేది క్రమశిక్షణ. ఆ క్రమశిక్షణను ఎవరికి ఎదురుగా నిలబెడతారు? షిఫ్టు దిగి వచ్చే పనివాళ్ళ సంచులు తడమటానికి, సమ్మెనాడు గేటు మూయటానికి. మావయ్య ఆ పని మూడేళ్ళు చేశాడు. మిల్లు యూనియన్ వారికి అతని మీద ప్రేమ లేదు.

కేసులో కీలకం ఏమిటంటే ఆ రాత్రి డ్యూటీ రుజువు. కాంట్రాక్టరు తన రిజిస్టరులో ఆనాడు మావయ్యకు సెలవు రాశాడు. తోటి కాపలాదారులు, వారిలో మాజీ సైనికులు కూడా, సాక్ష్యానికి రాలేకపోయారు. వారి ఉద్యోగాలు కాంట్రాక్టరు చేతిలో ఉన్నవి. వచ్చినవారెవరో తెలుసా? ఆ రాత్రి షిఫ్టు దిగిన ఇద్దరు పనివాళ్ళు. "మా సంచులు తడిమి పంపించింది ఈయనే" అని కమిషనరు ముందు చెప్పారు. ఏ పని వల్ల వారు అతన్ని ద్వేషించారో ఆ పనే అతనికి సాక్ష్యమయింది. వారిని తీసుకువచ్చినవాడు యూనియన్ కార్యదర్శి.

పెట్టుబడిదారీ న్యాయశాస్త్ర చరిత్రలో "తోటి పనివాడు" అనే మాటకు ఒక చీకటి అధ్యాయం ఉన్నది. 1837లో ఇంగ్లండులో ఒక కసాయి దగ్గర పనిచేసే కుర్రవాడు అధిక బరువుతో ఉన్న బండి కూలి గాయపడ్డాడు. అతని దావాను కొట్టివేస్తూ కోర్టు మొదలుపెట్టిన వాదం తరువాత సిద్ధాంతంగా స్థిరపడింది: తోటి పనివాడి పొరపాటు వల్ల దెబ్బ తగిలితే యజమాని బాధ్యుడు కాడు; పనిలో చేరినవాడు ఆ అపాయాన్ని ఒప్పుకునే చేరాడు. యజమానిని తప్పించటానికి పనివాళ్ళ మధ్య ఉన్న సంబంధాన్నే సాధనంగా వాడుకున్నారు. మన దేశంలో ఆ సాకును 1938లో చట్టం చేసి తొలగించవలసి వచ్చింది. ఒకనాడు పరిహారాన్ని ఎగవేయటానికి పనికివచ్చిన "తోటివాడు" అనే మాట, ఈనాడు పరిహారానికి దారి చూపే మాట అయింది. మధ్యలో మారినది మానవ స్వభావం కాదు, పనివాళ్ళు సంఘటితులయ్యారు.

6

ఇక్కడ రెండు ఆక్షేపణలు వస్తాయి.

మొదటిది మన మిత్రులలో కొందరిది. న్యాయస్థానాలే ఉన్నవారి పక్షమైనప్పుడు మంచి వకీలును వెతకటం భ్రమ కాదా అని వారు అంటారు. వినటానికి ఇది విప్లవాత్మకంగా ఉంటుంది. కాని కాలు తెగినవాడితో "వ్యవస్థ మారేదాకా ఆగు" అనటం, "కర్మ, అనుభవించు" అనటం, ఈ రెండింటికీ ఫలితంలో భేదం ఎంత? చట్టంలోని ప్రతి మేలూ ఎవరో పోట్లాడి రాయించినదే. బాంకు దగ్గర కలిసిన సిపాయి ఏ వాదం మీద ఓడిపోయాడో, అనగా పనికి వస్తూ పోతూ దారిలో తగిలిన దెబ్బకు కూడా పనితో సంబంధం చూపగలిగితే పరిహారం ఉండాలనే వాదం, అది ఈనాడు కొత్త స్మృతిలో అక్షరాలా ఉన్నది. ఓడిన కేసులు కూడా ఊరికే పోవు.

రెండవ ఆక్షేపణ చదువుకున్నవారిది. నమ్మకం అజ్ఞానానికి మరో పేరు. పనివాడు చట్టం తానే తెలుసుకుంటే ఎవరినీ నమ్మనక్కరలేదు గదా అని వారు అంటారు. శ్రమవిభజన ఉన్న సమాజంలో ఇది అసాధ్యం. వకీలు తన జబ్బుకు వైద్యుణ్ణి నమ్ముతాడు; వైద్యుడు తన దావాకు వకీలును నమ్ముతాడు; ఇద్దరూ తమ పిల్లల చదువుకు మనబోటి పంతుళ్ళను నమ్ముతారు. కనుక నమ్మకం లేకుండా చేయటం మన పని కాదు. అది ఏ షరతుల మీద నిలబడాలో తేల్చటం మన పని.

మన సాహిత్యం కూడా ఈ విషయంలో మనకు సగం దారే చూపింది. "కన్యాశుల్కం"లో వ్యాజ్యాల లోకమంతా రామప్పంతుళ్ళతో నిండి ఉన్నది. ఆ చీకటిలో ఒక్క సౌజన్యారావు పంతులు దీపం. గురజాడ తన కాలానికి నిజమే చెప్పాడు. కాని సౌజన్యారావు పంతులు దొరికితే న్యాయం, దొరకకపోతే రామప్పంతులు అన్న స్థితిలోనే మనం ఆగిపోవటానికి వీలులేదు. విశాఖపట్నంలో వకీలుగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి, ఆ కోర్టుల లోపలి నుంచి రాసి, వ్యక్తుల మంచితనం వ్యవస్థ ముందు ఎంత దూరం పోగలదో, ఎక్కడ ఆగిపోతుందో చూపాడు. అక్కడినుంచి ముందుకు పోవలసిన పని మిగిలి ఉన్నది.

ఆ పని ఏమిటో చట్టమే సూచించింది. గాయపడినవాడి తరఫున వకీలే హాజరు కావాలని 1923 చట్టం ఎక్కడా అనలేదు. అతను రాసి ఇస్తే రిజిస్టరయిన కార్మిక సంఘం బాధ్యుడు కూడా హాజరు కావచ్చునన్నది. కొత్త స్మృతి కూడా ఆ తలుపు మూయలేదు. మన సంఘాలు ఆ తలుపును ఎంతమాత్రం ఉపయోగిస్తున్నవి? సమ్మె ప్రకటనలు రాయగల మనవారిలో ఎంతమందికి ప్రమాదం నోటీసు రాయటం వచ్చు? గేటు దగ్గర కాపలావాణ్ణి, కాంట్రాక్టు పనివాణ్ణి తన సభ్యుడుగా చేర్చుకోని సంఘం అతన్ని ఏ సుబేదారు గారి మొహమాటానికి అప్పగిస్తున్నదో ఆలోచించుకోవాలి. కాంట్రాక్టరు కింద పనిచేసేవాడికి కూడా ప్రధాన యజమాని నుంచి పరిహారం రాబట్టే వీలు చట్టంలోనే ఉండగా, అతను మనవాడు కాదనటానికి మనకు ఏం హక్కు ఉన్నది?

ప్రతి పారిశ్రామిక పట్టణంలోనూ సంఘం కార్యాలయంలో ఒక పుస్తకం ఉండాలి. ఎవరికి ఏ దెబ్బ తగిలింది, ఏ వకీలు చూశాడు, మొదటిరోజు ఏం చెప్పాడు, ఎంత తీసుకున్నాడు, ఎన్ని వాయిదాలు పడినవి, చివరకు ఏం వచ్చింది. ఓడిన కేసులతో సహా రాసి ఉంచాలి. ఆ పుస్తకం మంచి వకీళ్ళకు ప్రకటన కాదు. చెడ్డవారికి శిక్ష కాదు. అది సమష్టి ఆప్తవాక్యం. దాన్ని రాయటానికి న్యాయశాస్త్ర పాండిత్యం అక్కరలేదు. చక్కని దస్తూరీ, ఉన్నది ఉన్నట్టు రాసే అలవాటు చాలు. మన కళాశాలల విద్యార్థులకు వేసవిలో అంతకంటె మంచి పని ఉంటుందని నేననుకోను. ఉపాధ్యాయులమైన మనం వారితోపాటు కూర్చుంటే మన తెలుగు కూడా బాగుపడుతుంది.

మావయ్యకు ఇప్పుడు అరవై దాటింది. కృత్రిమపు కాలు పెట్టుకుని నవంబరులో బాంకుకు వస్తాడు. ఎవరైనా వచ్చి వకీలు సంగతి అడిగితే పేరు వెంటనే చెప్పడు. తాను పదకొండు నెలలు ఎట్లా పోగొట్టుకున్నాడో ముందు చెబుతాడు. తరువాత యూనియన్ కార్యాలయానికి దారి చెబుతాడు. ఆ తరువాతనే పేరు చెబుతాడు. ఆ కార్యాలయంలో ఇంకా పుస్తకం లేదు.